సూచిన్ ఇంట్లో ప్రసారం

తూ చోంగ్‌ద ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి గురువారం రాత్రి పది గంటలకు టీవీలో కనిపించేవాడు. కప్పిపెట్టిన సంగతులు బయటపెట్టే ఆ కార్యక్రమం పేరు ‘రాత్రి ప్రశ్న’. తైవాన్‌లోని కావోశ్యుంగ్ రేవులో చేపల ఓడల మీద బతికేవాళ్ళ ఇళ్ళలో ఆ వేళకు గిన్నెలు కడగడం కూడా ఆపేసేవారు.

ఆ గురువారం మాత్రం ఆయన స్టూడియోలో లేడు. తైపే నుంచి రైల్లో వచ్చి, రేవు వెనక సందులో కో సూచిన్ ఇల్లు వెతుక్కుంటున్నాడు. మధ్యాహ్నమే చానల్ కొత్త యజమానులు పిలిచి కార్యక్రమం ఆపేశామన్నారు. వచ్చే వారం నుంచి కాదు, ఆ రాత్రి నుంచే. ఆ రాత్రి రావలసింది సూచిన్ భర్త కథ. ఫోన్లో చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు.

భర్త చింగ్‌ప్యావ్ ట్యూనా ఓడ మీద పనిచేస్తూ నడిసముద్రంలో చనిపోయాడు. తాగిన మత్తులో జారి నీళ్ళలో పడ్డాడని కంపెనీ చెప్పింది. చింగ్‌ప్యావ్ జన్మలో మందు ముట్టిన మనిషి కాదు. అసలు జరిగింది వేరు. అతను జ్వరంతో లేవలేని స్థితిలో ఉన్నా, చేపలు బాగా పడుతున్నాయని కెప్టెన్ ఓడను ఒడ్డుకు తిప్పలేదు. ప్రాణం పోయాక శవాన్ని సముద్రంలోకి వదిలేశారు. ఈ సంగతి తూకి చెప్పింది అదే ఓడలో పనిచేసిన ఆకున్. ముఖం చూపించకూడదనీ, గొంతు మార్చాలనీ, తన పేరు సూచిన్‌కి కూడా చెప్పకూడదనీ మాట తీసుకున్నాడు.

తలుపు తీసిన సూచిన్ తెల్లబోయింది. “మీరే వచ్చారా? మరి టీవీలో ఎవరు మాట్లాడతారండీ?”

వెనక గది నిండా ఇరుగుపొరుగు. పీట మీద కూర్చున్న ముసలామె ఒకామె ఆయన్ని ఎగాదిగా చూసింది. “టీవీలో పొడుగ్గా కనిపిస్తావు గదా నాయనా. కుర్చీ కింద ఇటుకలు పెడతారా ఏంటి?”

అందరూ నవ్వారు. మూలన కూర్చున్న ఆకున్ మాత్రం తల వంచుకున్నాడు.

తూ ఆమెను వంటింట్లోకి పిలిచాడు. “ఇవాళ రాదమ్మా. ఇంకెప్పుడూ రాదు. ఆపేశారు.”

సూచిన్ పొయ్యి మంట తగ్గించి, స్క్విడ్ సూప్‌ని ఊరికే కలుపుతూ నిలబడింది. “వీళ్ళందర్నీ నేనే పిలిచానండీ. మా ఆయన తాగుబోతు కాదని టీవీలో చెప్తారు, వచ్చి చూడండని ఇంటింటికీ తిరిగాను.” కాసేపటికి గరిటె పక్కన పెట్టింది. “వచ్చారు గదా. మీరే చెప్పండి.”

పది కొట్టగానే టీవీలో వంటల పోటీ మొదలైంది. ప్రకటన అనుకుని అందరూ ఓపిగ్గా చూస్తున్నారు. సూచిన్ టీవీ కట్టేసింది. తూ దాని పక్కన నిలబడి జరిగింది చెప్పాడు. జ్వరం, కెప్టెన్ మాటలు, తెల్లవారుజామున శవాన్ని చుట్టిన గుడ్డ. గొంతు మాత్రం టీవీలో వినిపించేదే. ఎవరూ కదల్లేదు.

చివర్లో ఓడల మెకానిక్ జువాంగ్ గొంతు సవరించుకున్నాడు. “బాగానే చెప్పారు సార్. మీకెవరు చెప్పారు?”

“కళ్ళారా చూసినవాడే.”

“పేరు?”

“చెప్పనని మాటిచ్చాను.”

“పేరూ ఊరూ లేకుండా అయితే మా బామ్మర్ది ఇంతకంటే బాగా చెప్తాడు.”

తూ మూలవైపు చూడలేదు. చూస్తే ఆకున్ దొరికిపోతాడని, సూచిన్ తెచ్చి చేతికిచ్చిన సూప్ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆకున్ లేచాడు. “సిగరెట్ కాల్చుకొస్తా,” అని బయటికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఒక్కొక్కరే లేచారు. “మేం నమ్ముతాంలే వదినా,” అన్నారు, పరామర్శకు వచ్చినప్పుడు మాట్లాడే గొంతుతో.

ఇల్లు ఖాళీ అయ్యాక సూచిన్ అడిగింది. “ఆకునే గదండీ?”

తూ ఖాళీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగాడు.

“చెప్పకండిలెండి. వాడికీ పిల్లలున్నారు. మళ్ళీ ఓడెక్కాలి గదా.” తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. “వాడు లేచినప్పుడు చెయ్యి పట్టుకుని ఆపుదామనుకున్నాను. చేతినిండా గిన్నెలున్నాయి.”

తర్వాత తూ చానల్‌ని ఆ కథనం ఇమ్మని అడిగాడు. అది తమ సొత్తు అన్నారు. రెండు పత్రికల చుట్టూ తిరిగాడు. సాక్షి పేరు లేకుండా వేయలేమన్నారు. ఆకున్ ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

చలి తగ్గాక ఆకున్ వేరే ఓడ ఎక్కాడు. బయల్దేరే ఉదయం సూచిన్ రేవుకు వెళ్ళింది. ఆమెను చూసి అతను మూట కింద పెట్టేశాడు.

“వదినా, నేను...”

“ఇవి దాచుకో.” మందుల పొట్లం అతని జేబులో పెట్టింది. “జ్వరానికి. అక్కడి కెప్టెన్ని మందులడిగే పని పెట్టుకోకు.”

అతను ఏడుస్తుంటే ఆమె ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ఓడ కదిలేదాకా కూడా ఉండలేదు. రొయ్యల షెడ్డులో పనికి వేళవుతోందని వెళ్ళిపోయింది.