రంగు కలిపింది ఎవరు

నలభై దాటినా ఆవిడ ఇంట్లో ఇంకా బుజ్జే. పనిచేసే పళ్ళ ల్యాబులో మాత్రం ఆవిడ చూసి ఊఁ అననిదే ఒక్క కట్టుడు పన్ను గుమ్మం దాటదు. పక్క పన్ను చూసి, దానికి సరిగ్గా కలిసిపోయేలా కొత్త పన్నుకి రంగు కుదర్చడం ఆవిడ పని. పాల తెలుపు, పసుపు తిరిగిన తెలుపు, టీ తాగేవాళ్ళ తెలుపు, అన్నీ ఆవిడకి చుట్టాల ముఖాలంత తెలుసు. ఆవిడ అన్నకేమో లేత బూడిద రంగూ లేత గులాబీ రంగూ ఒకటే. పుట్టుకతోనే ఆయన కంటికి ఆ తేడా అందదు. ఈ సంగతి తెలిసింది అన్నాచెల్లెళ్ళిద్దరికే. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు మహానుభావుడు.

అలాంటి మనిషి స్కేల్ మోడళ్ళ క్లబ్బులో రంగుల మొనగాడుగా చెలామణీ అవుతున్నాడు! రాకెట్లు, అంతరిక్ష నౌకలు, ఎక్కడో గ్రహాల మీద తిరిగే బండ్లు... వీటి బుల్లి నమూనాల కోసం ప్లాస్టిక్ ముక్కలు కోసి, అరగదీసి, అతికించి, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో పూత కొట్టడంలో ఆయన చేతికి తిరుగులేదు. అది బుజ్జి కూడా కాదనదు. కానీ ఏ రంగు కొట్టాలో తేల్చేది ఆవిడ. యాక్రిలిక్ రంగుల్ని చుక్కచుక్కగా కలిపి, పాలంత పల్చన చేసి, చిన్న సీసాల్లో పోసి ఇచ్చేది ఆవిడ. కొన్న రంగుకైతే సీసా మీద పేరుంటుంది, ఈవిడ కలిపినదానికి పేరెక్కడిది? అందుకని మూతల మీద సూదితో గుచ్చి గుర్తులు పెట్టేది. ఒక గుచ్చు ఉంటే అడుగు పూతకి లేత బూడిద, రెండుంటే దుమ్ముపట్టిన తెలుపు, మూడుంటే ఇంజన్ల దగ్గర కమిలిన లోహానికి వేసే లేత గులాబీ. ఆయన వేలితో తడిమి తెలుసుకునేవాడు.

పోయిన ప్రదర్శనలో వాళ్ళ సరుకుల అంతరిక్ష నౌకకి మొదటి బహుమతి వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఎండకి ఎండి వెలిసిపోయినట్టున్న ఆ తెలుపుని చూసి జనం అక్కణ్ణించి కదలలేదు. "ఈ రంగు ఎలా పట్టారండీ?" అని ఎవరో అడిగితే, అన్న కళ్ళద్దాలు సర్దుకుని "కన్నుండాలండీ" అన్నాడు. పక్కనే ఉన్న బుజ్జికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నలుగురిలో పళ్ళు బిగబట్టి ఊరుకుంది.

ఇప్పుడు క్లబ్బువాళ్ళు అందరి ముందూ రంగులు ఎంచి, కొట్టి చూపించమని ఆయన్ని పిలిచారు. బుజ్జి మొహమాటం పక్కన పెట్టి అడిగేసింది.

"ఈసారి నౌక పక్కన పెట్టే కార్డు మీద నా పేరు కూడా వెయ్యి అన్నయ్యా."

"నీ పేరెందుకే? ఎవరన్నా అడిగితే ఏం చెప్పను?"

"రంగులు మా చెల్లెలు కలిపిందని చెప్పు."

"ఎందుకు కలిపిందంటే? నా పరువేం కావాలి? ఇంట్లో కాస్త సాయం చేస్తున్నావు, కాదనను. కూరలు తరిగిచ్చినంత మాత్రాన వంట నీదైపోతుందా?"

బుజ్జి ఆ సాయంత్రం కూర్చుని అన్ని రంగులూ ఎప్పటిలాగే శ్రద్ధగా కలిపింది, కొత్త సీసాల్లో పోసి మూతలు బిగించింది. సూది మాత్రం ముట్టుకోలేదు. పొరపాటు కాదు, మతిమరుపు అంతకన్నా కాదు. ఆవిణ్ణి వెనకేసుకు రావాలంటే ఈ ముక్క దాచేయొచ్చు గానీ, దాచడం దేనికి? మంచి పనే చేసింది.

హాలు నిండిపోయింది. బల్ల మీద కొత్త నౌక, పక్కన ఎయిర్‌బ్రష్, సీసాలు. అన్న ఒక మూత మీద వేలు ఆడించాడు. నున్నగా ఉంది. ఇంకో మూత తడిమాడు. అదీ నున్నగానే ఉంది. తలెత్తి మొదటి వరసలో కూర్చున్న చెల్లెలి వైపు చూశాడు. ఆవిడ కదల్లేదు. అప్పుడైనా "బుజ్జీ, ఇలా రా" అని పిలిస్తే పరుగున వెళ్ళేదే. ఆవిడకి కావలసింది ఆ ఒక్క పిలుపే. ఆయన పిలవలేదు.

"ముందు అడుగు పూత వేద్దాం, తెలుపు తరవాత" అని గంభీరంగా ఓ సీసా ఎత్తి ఎయిర్‌బ్రష్ కప్పులో పోశాడు. లేత గులాబీ. నౌక ఒళ్ళంతా సమంగా, ఎక్కడా చుక్క కారకుండా కొట్టాడు.

"ఆహా! గులాబీ మీద తెలుపా! ఏం తెగువండీ మీది!" అన్నాడు క్లబ్బు పెద్దాయన. జనం చప్పట్లు కొట్టారు.

గులాబీ అన్న మాట వినగానే అన్న గబుక్కున నౌక వంక చూశాడు. చప్పట్లు ఆగేసరికి తేరుకున్నాడు. "ధైర్యం చెయ్యాలండీ. మరి కన్ను..."

"కన్నూ లేదు, ధైర్యమూ లేదు!"

బుజ్జి లేచి నిలబడింది. గుడ్డిగా చేసిన తప్పుకి కూడా ఆయనకే చప్పట్లు! ఒళ్ళు మండిపోతోంది ఆవిడకి.

"అది గులాబీ అని మీరు చెప్పేదాకా ఆయనకి తెలీదు. ఆయనకి తేడా కనపడదు. కనపడకపోవడం తప్పు కాదండీ. నాకు కనపడుతుందని చెప్పకపోవడం తప్పు. ఈ నౌకకీ, బహుమతి తెచ్చిన నౌకకీ, అంతకుముందు వాటన్నిటికీ రంగులు కలిపింది నేను!"

అన్న ఎయిర్‌బ్రష్ బల్ల మీద పెట్టి తల దించుకున్నాడు. బుజ్జి విసవిసా వెళ్ళి కప్పు కడిగి, దుమ్ముపట్టిన తెలుపు పోసి, ఎయిర్‌బ్రష్ చేతిలోకి తీసుకుంది. ఆ కోపంలో మీటని ఒక్క గుంజు గుంజింది. ఇన్నేళ్ళలో ఆవిడ దాన్ని పట్టుకున్నదే లేదు. రంగు తుపుక్కున చిమ్మి నౌక ముక్కు మీద ముద్దగా పడింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

అలవాటు కొద్దీ అన్న చెయ్యి వచ్చి ఆవిడ వేళ్ళ మీద పడింది.

"చెయ్యి తియ్యి" అంది బుజ్జి. "నోటితో చెప్పు. ఇన్నాళ్ళూ నేను నీకు చెప్పలేదూ, అలాగ."

ఆయన చెయ్యి తీసేశాడు. "ముందు మీట నొక్కు... గాలి రానీ" అని గొణిగాడు.

"వినపడలేదు."

"గాలి రానిచ్చి, అప్పుడు మెల్లిగా వెనక్కి లాగు."

"నాక్కాదు. వాళ్ళకి వినపడలేదు."

అన్న తలెత్తాడు. జనం వైపు తిరిగాడు. "ఈవిడ మా చెల్లెలండీ" అన్నాడు. "రంగులన్నీ తనే కలుపుతుంది. నాకు కొట్టడం ఒకటే తెలుసు."

బుజ్జి తడిగుడ్డతో ఆ ముద్ద తుడిచేసి మీట నొక్కింది. కోపం ఏమీ తగ్గలేదు. "తరవాత?" అని గదమాయించింది.