పుట్టినరోజు అడిగిన పేజీ

ఖ్వాన్ మా మేడ మీది గదిలో అద్దెకుంటుంది. ఎండవేళ ఆ గది పెనంలా కాలిపోతుంది. నా భార్య పోయినప్పటి నుంచి కింద వంటింటి బల్ల ఖాళీగానే ఉంది కదా అని, అక్కడ కూర్చుని చదువుకోమన్నాను. కుట్టుపని చేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ అమ్మాయి వీడియోలు చూస్తూ తనంతట తానే ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. నేను కాలేజీలో చదివినవాణ్నే గాని ఆ తెర మీది రాతలు ఒక్కటీ బోధపడవు. ఇంట్లో మళ్లీ ఒక మనిషి అలికిడి ఉంది, నాకు అదే పదివేలు.

ఉద్యోగం కోసం రాస్తే చాలా కంపెనీలు జవాబే ఇవ్వలేదు. చివరికి బ్యాంకాక్‌లో ఒక చిన్న కంపెనీ పరీక్షగా ఒక పని ఇచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకునే పేజీ తయారుచేసి పంపాలి. ఇదీ కుదరకపోతే రాయోంగ్‌లో అన్న పనిచేసే టైర్ల ఫ్యాక్టరీలో చేరిపోతానని తల్లికి మాట ఇచ్చింది.

గడువు ఆ సాయంత్రమే. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

"పెదనాన్నా, మీరు రోగి అనుకుని ఇది నింపండి."

"అనుకోవడమెందుకమ్మా, మోకాళ్లున్నాయిగా."

పేరు, పుట్టిన తేదీ రాశాను. సంవత్సరం 2498. పేజీ ఎర్రబడి, "మీరు ఇంకా పుట్టలేదు" అంది.

ఇద్దరం పగలబడి నవ్వాం. అంతలోనే ఖ్వాన్ మొహం పాలిపోయింది. మా దేశంలో అందరం రాసేది బుద్ధుడి సంవత్సరం. తను నేర్చుకున్న విదేశీ పాఠాలన్నీ క్రీస్తు లెక్కవి.

"పరీక్షించేటప్పుడు నేను పుట్టిన సంవత్సరం కూడా వాళ్ల లెక్కలోనే టైపు చేస్తూ వచ్చాను. మన దేశంలో ఎవరైనా అలా రాస్తారా అసలు?" అని తల పట్టుకుంది. రెండు లెక్కలకీ తేడా అయిన ఐదువందల నలభై మూడు తీసేసేలా కాసేపట్లోనే సరిచేసింది.

మా గేటు దగ్గర బొప్పాయి సలాడ్ అమ్మే బున్‌సీ, నవ్వులు విని లోపలికొచ్చి, సంగతి అడిగి తెలుసుకుంది.

"ముసలాయన పుట్టాడా? అయితే నన్నూ పుట్టించవే."

ఆమె గుర్తింపు కార్డులో సంవత్సరం ఒక్కటే ఉంది. తేదీ, నెల లేకుండా పేజీ ముందుకు కదలనంది.

"ఏ నెలలో పుట్టావు పెద్దమ్మా?"

"నాట్లప్పుడట. మా అమ్మ నన్ను కనడానికి మడిలోంచి గట్టెక్కింది, క్యాలెండరు చూడటానికి కాదు."

"జనవరి ఒకటి అని పెట్టేయనా?"

"జనవరిలో నాట్లేస్తారటే? నీ అబద్ధం నువ్వే ఉంచుకో."

దీన్ని సరిచేయాలంటే పేజీ చాలావరకు మళ్లీ రాయాలట. అంత వ్యవధి లేదు. బున్‌సీయే మెత్తబడింది.

"పంపేయవే తల్లీ. నాలాంటిది వాళ్లకెక్కడ తగులుతుంది?"

"మా ఊరంతా నీలాంటివాళ్లేగా పెద్దమ్మా." ఖ్వాన్ నా వైపు చూసింది. "ఈ లోపం ఉందని రాసి పంపితే ఉద్యోగం పోతుందేమో పెదనాన్నా?"

"పోవచ్చు," అన్నాను. ధైర్యం చెప్పాలనే ఉంది గాని ఆ అమ్మాయితో లేనిపోనిది చెప్పలేకపోయాను.

కాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత రాసింది: "పుట్టిన తేదీ, నెల తెలియనివారు ఈ పేజీ దాటలేరు. ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది. ఇంకా సరిచేయలేదు." పంపేసి, మేడెక్కి రాయోంగ్ వెళ్లడానికి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

మూడు నాలుగు రోజులకి, బున్‌సీ కూడా మా వంటింట్లో ఉండగా ఫోన్ వచ్చింది. ఖ్వాన్ ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా స్పీకర్ నొక్కింది. అవతల ఆ కంపెనీ ఆవిడ ఎవరో.

"తేదీ తెలియనివాళ్లని రాశారు. ఎవరు వాళ్లు?"

"నేనే!" అని బున్‌సీ ఫోన్ మీదికి వంగింది. "ఇంతకీ పిల్లకి ఉద్యోగం ఇస్తున్నావా లేదా, అది చెప్పు."

"పెద్దమ్మా!" ఖ్వాన్ ఆమె నోరు మూయబోయింది.

అవతలావిడ గట్టిగా నవ్వేసింది. "మీరు నేర్చుకోవాల్సింది ఇంకా చాలా ఉందమ్మా. కానీ ఏది పనిచేయడంలేదో మీరే చెప్పారు, దాంతో మాకు సగం పని తగ్గింది. ఒకటో తారీకున వచ్చి చేరండి. మూడు నెలలు చూద్దాం."

ఫోన్ పెట్టేయగానే ఖ్వాన్ బున్‌సీ ఒళ్లో తల పెట్టి ఏడ్చేసింది.

"లేవే, నా బట్టల నిండా సలాడ్‌లో పోసే చేపల రసం. జుట్టు కంపు కొడుతుంది," అంటూనే బున్‌సీ ఆమె తల నిమురుతూ ఉండిపోయింది.

ఎవరికి దణ్ణం పెట్టాలో నాకు తోచలేదు. లేచి, పళ్లాలు కడిగి, ముగ్గురికీ అన్నం వడ్డించాను.