ఎర్మిలా పిన్ని పెట్టె

మృతుల పండుగకు ముందురోజు మా ఇంట్లో రొట్టె బొమ్మలు చేస్తాం. పోయినవాళ్ళకు తలా ఒకటి. వాటికి పిండి పులియబెట్టేది ఎర్మిలా పిన్ని శవపెట్టెలో.

మా ఊళ్ళో ఎవరికీ ఇది వింత కాదు. పిన్ని మా అమ్మకు చెల్లెలు. పదేళ్ళు వచ్చినా నాలుగేళ్ళ పిల్లలా ఉండిపోయింది. లోహా కొండల్లో కొన్ని ఇళ్ళలో ఇలాంటి పిల్లలు పుడతారు. ఎక్కువకాలం బతకదని ఎవరో అంటే మా తాత ముందే ఒక పెట్టె చేయించాడట, కాస్త ఎదుగుతుందేమోనని జానెడు ఎక్కువ వదిలి. పిన్ని ఆ జానెడూ ఎదిగి ఆగిపోయింది. పొడుగ్గా పెరిగిన ఆమె అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్ళలో ఎక్కువమందిని క్యాన్సరే తీసుకుపోయింది. మా అమ్మను కూడా. ఖాళీగా పడి ఉండడమెందుకని పిన్ని పెట్టెను కడిగి పిండితొట్టిగా వాడుకుంది. డెబ్బై దాటాక కూడా ఆమె చుట్ట కాలుస్తుంది, పందికొవ్వులో వేయించిన మాంసం ఇష్టంగా తింటుంది, కాఫీలో చక్కెర ఒలకబోసుకుంటుంది. గొంతు మాత్రం ఇప్పటికీ చిన్నపిల్ల గొంతే.

ఇంత వయసు ఎలా వచ్చిందని అడిగినవాళ్ళకు ఆమె ఒకటే జవాబు చెప్పేది. "చావు వస్తుంది. గుమ్మంలో నన్ను చూసి, పాపా, ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా అంటుంది. లేరంటాను. వెళ్ళిపోతుంది."

నిరుడు మార్చిలో మా పెద్దమ్మాయి మారిత్సా క్యాన్సర్‌తోనే పోయింది. మా గుమ్మంలోంచి తల వంచి వచ్చేంత పొడుగు. రోజూ తెల్లవారి కొండదారిలో పరుగెత్తేది. పొగ వాసన గిట్టేది కాదు. పిన్ని పళ్ళెం చూసి, అంత కొవ్వు తినకు చిన్నమ్మమ్మా అని మందలించేది. అంతకంటే రాయలేను.

చిన్నది నార్సిసా. అప్పటికి పన్నెండేళ్ళు, నా నడుము దాటలేదు. నేను పాఠాలు చెప్పే బడిలోనే చదువు. నల్లబల్ల మీద లెక్క చెయ్యాలంటే దానికోసం కుర్చీ తెచ్చి వేసేదాన్ని. పిల్లలెవరూ నవ్వేవాళ్ళు కాదు. టీచరు కూతురు కాబట్టి నవ్వేవాళ్ళు కాదు. ఆ సంగతి దానికి తెలుసు.

ఇలా ఎదగకుండా ఉండిపోయిన మావాళ్ళను చూడడానికి రాజధాని క్విటో నుంచి ఏటా ఒక డాక్టరు వస్తాడు. నిరుడు వచ్చినప్పుడు మందు ఉందన్నాడు. ఎదగమని తలలోంచి ఒంటికి కబురు వెళుతుందట. వీళ్ళ ఒంట్లో ఆ కబురు అందుకోవలసిన తలుపు మూసుకుని ఉంటుందట. అందుకే ఎదగరు, బహుశా అందుకే వీళ్ళకు క్యాన్సర్ దాదాపు రాదు, చెడ్డ కణాలకు కూడా ఆ కబురే మేత కాబట్టి. పొడుగువాళ్ళందరికీ వస్తుందని కాదు, ముప్పు కాస్త ఎక్కువ, అంతే అన్నాడు. తిండి, పొగ, వంశం, అదృష్టం, అన్నీ లెక్కలోకి వస్తాయన్నాడు. ఈ మందు తలుపుతో పనిలేకుండా లోపలికి వెళుతుంది. ఎముకలు ముదరకముందే మొదలుపెట్టి రోజూ సూది వేస్తే కొంత ఎత్తు వస్తుంది.

"ఆ తర్వాత?" అని అడిగాను.

"మందు వాడిన పిల్లలు ఇప్పటిదాకా బాగానే ఉన్నారు టీచర్ గారూ. ముప్పై ఏళ్ళ తర్వాత ఏమవుతుందంటే, నాకు తెలీదు. తెలుసని అబద్ధం చెప్పలేను."

పండుగ అయ్యాక మళ్ళీ వస్తాను, ఆలోచించుకోండి అన్నాడు. నార్సిసా అక్కడికక్కడే సరేనంది. నేను మాత్రం అప్పుడే ఒప్పుకోలేదు. మారిత్సా సమాధి మీద గడ్డి ఇంకా సరిగ్గా పట్టలేదు.

బొమ్మలు చేసిన మధ్యాహ్నం పొగమంచు పెరట్లోకి దిగింది. పిన్ని ఒక్కొక్క పేరూ పైకి అంటూ ఒక్కొక్క బొమ్మనూ పొడుగ్గా చేసి పరిచింది. చివరిది మారిత్సాది. దాని జుట్టు నేనే దిద్దాను. పొయ్యి రాజెయ్యడానికి బయటికి వెళ్ళి తిరిగివచ్చేసరికి దాని పక్కన అంతే పొడుగున్న ఇంకో బొమ్మ ఉంది. ఎడమ భుజం మీదుగా ముందుకు వేసిన జడ. మా ఇంట్లో జడ అలా వేసుకునేది నార్సిసా ఒక్కతే.

"పిన్నీ, ఇది ఎవరికి?"

పిన్ని చుట్ట నోట్లోంచి తీసింది. "ఏమో. పిండి మిగిలింది. చేతులు చేశాయి."

"పేరేదైనా అన్నావా?"

"అన్నాననుకుంటా. గుర్తు రావడంలేదు." తన చేతులను తిప్పి, ఎవరివో అన్నట్టు చూసుకుంది. ఆమె ముఖంలో వేళాకోళం లేదు.

నలిపేద్దామని చెయ్యి చాపాను. చెయ్యి ఆగిపోయింది. ఈలోగా నార్సిసా పీట ఎక్కి పళ్ళెంలోకి చూసింది.

"ఇది నేనేగా?" అంది. "బాగున్నాను. కాళ్ళు ఎంతున్నాయో చూడమ్మా." దాన్ని తనే పొయ్యిలో పెట్టింది.

మర్నాడు శ్మశానంలో ఎవరి రొట్టె వాళ్ళ దగ్గర పెట్టి, పండుగకు కాచే ఊదారంగు జావ పోశాం. ఆ ఒక్కటి మిగిలింది. నార్సిసా దాన్ని శాలువాలో చుట్టుకొచ్చింది. అక్క సమాధి అంచు మీద కూర్చుని విప్పింది. పారెయ్యమన్నాను.

"నా పేర చేసింది నేనే తింటా. లేకపోతే ఇంకెవరో తింటారు," అంది. తర్వాత నా వైపు చూడకుండా అంది: "సూది వేయించుకున్నా మానినా, నువ్వు నన్ను పోయినదాన్ని చూసినట్టే చూస్తున్నావమ్మా. అక్క పోయిన దగ్గర్నుంచీ ఇంతే."

పాదాల దగ్గర మొదలుపెట్టి జడ కొసదాకా తినేసింది. ఒళ్ళో రాలిన పొడి కూడా ఏరుకుని తింది.

డాక్టరు వచ్చినప్పుడు సరేనన్నాను.

ఏడాది గడిచింది. బడిలో ఆ కుర్చీ ఇప్పుడు గదిమూల ఉంటోంది. నార్సిసా ఎత్తులో పిన్నిని దాటిపోయింది. పిన్ని వేళాకోళాలు తగ్గాయి. ఎవరు తలుపు తట్టినా తనే లేచి వెళుతుంది, నార్సిసాను కదలనివ్వదు.

ఈసారి పండుగకు పిండి నేను పిసుకుతానన్నాను. పిన్ని సరేనని చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది. పోయినవాళ్ళకు మాత్రమే బొమ్మలు చేశాను. మిగిలిన ముద్దకు ఏ ఆకారమూ ఇవ్వకుండా పెట్టెలోనే వదిలి, గుడ్డ కప్పి, పొయ్యి దగ్గరికి వెళ్ళాను. నార్సిసా పిలిచింది.

"అమ్మా, ఇది ఇంకా పెరుగుతోంది."

గుడ్డ పెట్టె అంచులు దాటి పైకి లేచి ఉంది. నేను చూస్తూ నిలబడ్డాను. అప్పుడే వీధి తలుపు తట్టిన చప్పుడైంది, మెల్లగా, తెలిసినవాళ్ళు తట్టినట్టు. నార్సిసా లేవబోయింది.

"కూర్చోవే," అంది పిన్ని. "నే చూస్తా."

చుట్ట గట్టు మీద పెట్టి, గౌను సవరించుకుని వెళ్ళింది. తలుపు తెరుచుకుంది. అవతలి మాట మాకు వినిపించలేదు. పిన్ని చిన్నపిల్ల గొంతు మాత్రం లోపలిదాకా స్పష్టంగా వినిపించింది.

"ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరండీ."