బావ నడిపిన వ్యాను

వ్యాను నీళ్ళ మీద పోతూ ఉంటుంది. కింద రోడ్డు ఉందో లేదో నూకరాజుకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించదు. ఉప్పాడ దగ్గరి సముద్రమో, భీమవరం వైపు చెరువులో, ఏదో తెల్లటి నీరు రెండు పక్కలా పరుచుకుని ఉంటుంది, స్పీడు ముల్లు మాత్రం తొంభై దాటి కదలకుండా నిలబడి ఉంటుంది. వెనక పెట్టెల్లో ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచులు, సంచుల్లో లక్షల రొయ్యపిల్లలు. పక్క సీట్లో సింహాద్రి బావ కూర్చుని ఉంటాడు. బావ పోయి నలభై రోజులు దాటిందని నూకరాజుకు గుర్తుంది గాని, అదేదో ఇప్పుడు ఎత్తవలసిన సంగతిలా తోచదు.

బావంటే అక్క మంగతాయారు భర్త, నూకరాజుకు స్టీరింగు పట్టుకోవడం నేర్పిన గురువు, పదకొండేళ్ళు ఒకే వ్యానులో వంతులేసుకుని తిరిగిన జతగాడు. మనిషి ఎప్పటిలాగే ఉన్నాడు, చొక్కా ఒక్కటే తడిసి ఉంది. ఎక్కడ తడిసిందని అడిగితే, అదంతా ఎందుకులే అన్నట్టు చెయ్యి ఊపి, అద్దంలోంచి నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటాడు.

నూకరాజు ఒడిలో రవాణా శాఖ వాళ్ళు పంపిన నోటీసు ఉంటుంది. అది కాసేపు కాగితం, కాసేపు తడిగుడ్డ. పరిమితి మించి నడుపుతూ కెమెరాకు చిక్కడం ఇది నాలుగోసారి; సంజాయిషీ నచ్చకపోతే ఏడాదిపాటు లైసెన్సు పోతుంది, బండి ముట్టుకోకూడదు. మొదటి మూడుసార్లూ నవ్వేసి ఊరుకున్నాడు మహానుభావుడు. అందరికీ మూడున్నర గంటలు పట్టే దారిని రెండున్నరలో చుట్టబెడతాడని ఈ పిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీలో పేరు మరి, ఆ పేరు ఊరికే వస్తుందా? సంచిలో గాలి అయిపోతే రొయ్యపిల్ల చచ్చిపోతుంది కనుక తొక్కక తప్పదని ఎదుటివాళ్ళకూ చెప్పేవాడు, తనకు తనూ చెప్పుకునేవాడు. ఇప్పుడు హేచరీ గుమాస్తా ఓ ఉపాయం కనిపెట్టాడు. ఫోటోలో ఎండ పడి అద్దం మెరిసింది, లోపల రెండు తలలున్నాయే తప్ప ఏది ఎవరిదో తెలియడం లేదు. ఆ రోజు వ్యాను నడిపింది కీర్తిశేషులు సింహాద్రి అని రాసి, కింద ఆయన భార్య చేత సంతకం పెట్టిస్తే పోయేదానికి ఇంత దిగులెందుకన్నాడు.

"బావా, ఆ రోజు బండి నువ్వే తోలేవని రాత్తన్నాం. నీకేవన్నా ఇబ్బందా?" అని అడుగుతాడు నూకరాజు.

"నాకేం ఇబ్బందిరా. రాసుకో," అంటాడు బావ, అగ్గిపెట్టె అడిగితే ఇచ్చినంత తేలిగ్గా. మళ్ళీ తనే, "కాగితం మీదే ఎందుకు, ఇటు జరుగు, తోలేత్తాను," అంటాడు.

ఎలా జరిగారో తెలియదు, వ్యాను ఆగనూ లేదు, నూకరాజు పక్క సీట్లో ఉంటాడు, సీటు బావ కూర్చున్నందుకు తడిగా ఉంటుంది, స్టీరింగు బావ చేతుల్లో ఉంటుంది. దిగులు తీరినట్టే అనుకుంటాడు. ఊపిరి పీల్చుకోబోతే ఛాతీ మీద ఎవరో బస్తా దింపినట్టు బరువు, ఎడమ చెయ్యి తనది కానట్టు వేళ్ళాడుతుంది, చెమట పట్టి చొక్కా అంతా తడిసిపోతుంది.

"బావా, గుండెల్లో ఏదోలా ఉంది. కాత్త ఆపు."

వ్యాను ఆగిపోతుంది. ముల్లు సున్నా మీదకు వచ్చి పడుకుంటుంది. చుట్టూ నీళ్ళు కూడా ఆగుతాయి. నూకరాజు కంగారుపడి, ఆపేశావేంటి, వెనక పిల్ల చచ్చిపోతుంది కదా అని గోల చేస్తాడు.

"నువ్వు ఆపమన్నావు కదరా," అంటాడు బావ. "అందుకే ఆపేను."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదని నూకరాజుకు అనిపిస్తుంది. ఆ రోజు ఈ సీట్లో కూర్చుని ఈ మాటే బావ అన్నాడు, చెరువు దగ్గరికొచ్చేశాం, పిల్లను దింపేసి తిన్నగా ఆస్పత్రికి పోదామని తను ఇంకా తొక్కాడు, కెమెరా పట్టింది ఆ తొక్కుడునే. తీరా గట్టు చేరాక సంచులు విప్పకూడదు. సంచిలో నీరూ చెరువులో నీరూ ఒకే వేడికి వచ్చేదాకా అరగంట అలా తేలుతూ ఉండాలి, పిల్ల బతికే ఉందని రైతు చూసుకుని స్లిప్పు మీద సంతకం పెట్టేదాకా డ్రైవర్లు కదలకూడదు. అది వాళ్ళ పద్ధతి, ఇద్దరికీ అలవాటైన పద్ధతి, ఇద్దరికీ వేరే తోచలేదు. అంత పరుగు పెట్టి వచ్చి, ఆ అరగంటా గట్టు మీద పక్కపక్కనే కూర్చుని తేలుతున్న సంచులను చూశారు. పిల్ల అంతా బతికింది. సంతకం అయ్యాక, పద బావా అంటే బావ లేవలేదు. అక్కకు మాత్రం, బాగానే ఉన్న మనిషి ఉన్నపాటున ఒరిగిపోయాడని చెప్పాడు.

ఇప్పుడు వ్యాను లేదు, ఇద్దరూ గట్టు మీద ఉన్నారు, గట్టుకు ఒక చివర ఆఫీసు బల్ల వేసి ఉంది, బల్ల వెనక ఎవరూ లేరు. ఆ రోజు ఆపి ఉంటే బతికేవాడివా అని అడగడానికి నూకరాజు నోరు తెరుస్తాడు. ఏడుపు రావాలి, రాదు. నలభై రోజులుగా రావడం లేదు. బావ ఒంగి నీళ్ళలో చెయ్యి ముంచి, "ఇంకా వేడి కుదరలేదురా, కూచో," అంటాడు.

నూకరాజు కూర్చుంటాడు.

కళ్ళు తెరిచేసరికి మిట్టమధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి మొహం మీద కొడుతోంది. సంజాయిషీ ఇవ్వడానికి కాకినాడ రవాణా ఆఫీసుకని ఎక్కిన బస్సు రోడ్డు పక్కన ఆగి ఉంది, ఇంజను కూడా ఆపేశారు. ఎందుకాగిందని అడిగితే పక్కనున్న అక్క, "వెనకాల ఎవరో ముసలాయనకి కళ్ళు తిరుగుతున్నాయంట. డ్రైవరు ఆపేడు," అంది.

కిందకు చూస్తే ముసలాయన గడ్డిలో కూర్చుని ఉన్నాడు, కండక్టరు సీసాతో నీళ్ళు పోస్తున్నాడు, డ్రైవరు తువ్వాలుతో విసురుతున్నాడు. ఆఫీసు టైము దాటిపోతుందని ఒకాయన సణుగుతున్నా ఎవరూ పట్టించుకోవడం లేదు. అక్క ఒడిలో గుమాస్తా రాసిచ్చిన కాగితం ఉంది. బస్సు ఆగింది కదా, చెయ్యి వణకదు, ఇప్పుడే పెట్టేస్తానని పెన్ను మూత తీసింది. నూకరాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రోజు తోలింది నేనక్కా. బావ పక్కన కూచున్నాడు. గుండెల్లో ఏదోలా ఉంది, ఆపమన్నాడు. నేను ఆపలేదు."

ముసలాయనను ఇద్దరు పట్టుకుని మెల్లగా మెట్లెక్కించారు.

"ఎన్నిసార్లు అడిగేరు?" అంది అక్క.

"రెండుసార్లు."

ఆమె పెన్నుకు మూత పెట్టింది. కాగితం అతని ఒడిలో ఉంచి, లేచి వెళ్ళి వేరే సీట్లో కూర్చుంది.