పసుపచ్చ వెదురుకు కొత్త తొట్టి

మార్కాపురం పెద్ద బజారులో నాగమల్లేశ్వరమ్మ గారి ఇంట ఆ శ్రావణ మాసమంతా ఒకటే దిగులు. లోపలి వసారాలో మట్టి తొట్టిలో ఉన్న వెదురు ఆకులు రాలుస్తోంది. నల్లమల నుంచి బండ్లకొద్దీ వెదురు దిగే ఊళ్ళో వెదురును తొట్టిలో పెంచుకోవడమేమిటని తమరు నవ్వవచ్చు. ఊరు కూడా నవ్వింది. కాని ఇది అడవి వెదురు కాదు. పసుపచ్చని గడలు, వాటి మీద ఆకుపచ్చ చారలు. గతించిన ఆమె భర్త చెన్నపట్నం నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మొక్క అది. ఆయన పోయిన నాటి నుంచి దానికి నీళ్ళు పోయనిదే ఆమె కాఫీ ముట్టదు.

ఇప్పుడేమో పోసిన నీళ్ళను మట్టి తాగడం లేదు, పైనుంచే పొర్లిపోతున్నాయి. తొట్టికి సన్నని నెర్రె పడింది. వచ్చినవారందరికీ ఆమె ఆ మొక్కను చూపించి కన్నీళ్ళు పెట్టుకునేది. ఎవరో చెబితే దిష్టి కూడా తీసింది.

అదే ఇంట్లో కోడలు అన్నపూర్ణకు ఏడో నెల. కాళ్ళు వాచి, గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ పిల్లకు పదమూడేళ్ళు. ఆమె గురించి దిగులుపడిన వారు మాత్రం ఆ ఇంట్లో లేరు.

శారదా చట్టం ఉగాదికి అమలవుతుందని తెలిసిన సంవత్సరం మన తాలూకాలలో ఎన్ని గడపల ముందు పందిళ్ళు లేచాయో తమకు గుర్తుండే ఉంటుంది. పద్నాలుగేళ్ళు నిండనిదే పిల్లకు పెళ్ళి చేయరాదని సర్కారు అంటే, ఆ లోపలే కానిచ్చేద్దామని మన పెద్దలు ఉరుకులు పెట్టారు. మేళగాళ్ళు దొరకక ఒకే మేళం పూటకొక పందిట్లో వాయించింది. కురిచేడు వర్తకుడు సీతారామాంజనేయులు ఆ హడావుడిలోనే తన కూతురు అన్నపూర్ణను పదకొండో ఏట ఈ ఇంటి చెన్నకేశవరావుకు ఇచ్చాడు. వరుడు ఇరవై రెండేళ్ళవాడు, తల్లి మాట జవదాటనివాడు. పందిట్లో పెళ్ళికూతురు నిద్రపోతే తట్టి లేపారని ఊరంతా ముచ్చటగా చెప్పుకుని నవ్వింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నవ్విన వారిలో నేనూ ఉన్నాను.

ఏడో నెల ఇంకా అయిదు రోజులు మిగిలి ఉండగా ఆ తండ్రి బండి కట్టించుకుని వచ్చాడు. మన ఆచారం తమకు తెలియనిది కాదు. గర్భిణిని ఏడో నెలలో పుట్టింటికి తీసుకుపోవచ్చు, తొమ్మిదిలో తీసుకుపోవచ్చు. ఎనిమిదిలో గడప దాటించరాదు.

"వదినమ్మా, పిల్లను పంపండి. కాళ్ళు చూడండి ఎట్ల పొంగినయో! గుంటూరులో ఆడ డాక్టరు ఉందంట, రైలెక్కించి చూపించుకొస్తాను" అన్నాడు.

"అయిదు రోజులుండాది గదన్నయ్యా, తొందరేంది?" అంది నాగమల్లేశ్వరమ్మ. "మొక్కకు తొట్టి మార్చేదానికి శుక్రవారం బాగుందని అయ్యగారు చెప్పినారు. మేదర వీరమ్మను రమ్మన్నాను. అది లోపలికి రాకూడదు. నేనా, నడుము వంచలేను. వాడు దుకాణం వదిలి రాడు. ఇంక చేసేదానికి నీ కూతురే గదా దిక్కు! ఆ పని కాగానే శనివారం వచ్చి తీసుకుపో."

పిల్లనిచ్చినవాడు. ఏమంటాడు? తల వంచుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఉదయం వీరమ్మ వచ్చి దొడ్డివాకిలి బయట కూర్చుంది. అరవై ఏళ్ళ మనిషి. ఆమె అల్లిన చేటలూ గంపలూ నీళ్ళు చల్లి లోపలికి తీసుకుంటారు. ఆమెను మాత్రం గడప దాటనివ్వరు. అందుచేత ఆమె బయటి నుంచి చెప్పాలి, అన్నపూర్ణ లోపల చేయాలి.

"అమ్మాయ్, తొట్టిని పక్కకు వాల్చు. మెల్లంగ! అయ్యో, బరువు పొట్ట మీద పడతాంది. శెట్టెమ్మా, నేనొచ్చి పడతానమ్మా."

"అక్కడే ఉండవే!" అని కసిరింది నాగమల్లేశ్వరమ్మ.

పిల్ల పళ్ళు బిగించి తొట్టిని తానే వాల్చింది. చుట్టూ అరచేత్తో తట్టినా మొక్క ఊడి రాలేదు.

"రాయి తీసుకుని పగలగొట్టు తల్లీ" అంది వీరమ్మ.

"పగలగొట్టేదేంది? మా ఆయన పెట్టిన తొట్టి అది!"

"తొట్టి కావాల్నా, మొక్క కావాల్నా శెట్టెమ్మా?"

నాగమల్లేశ్వరమ్మ రాలిన ఆకుల వైపు చూసి, సరే కానివ్వమంది. తొట్టి పగిలింది. లోపల మట్టే లేదు. వేర్లు ఒకదాన్నొకటి పెనవేసుకుని తొట్టి ఆకారంలోనే గడ్డకట్టి ఉన్నాయి.

"అవ్వా, అన్నీ వేర్లే!" అని అన్నపూర్ణ పకపకా నవ్వింది.

"పోయేదానికి దారి లేక తన చుట్టూ తానే తిరిగినాయి. ఆ అడుగు మెలికలు కత్తితో కోసెయ్. భయపడొద్దు, వెదురు ఓర్చుకుంటది. కొత్త తొట్టిలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పేడ కలిపి పోసి నిలబెట్టు. పది రోజులు ఎండ తగలనియ్యొద్దు."

ఆ పిల్ల చెప్పినట్టల్లా చేసింది. జానెడు పెద్దదైన కొత్త తొట్టిలో మొక్క నిలిచింది. అత్త లోపలికి వెళ్ళగానే, మిగిలిన మట్టితో అన్నపూర్ణ చిన్న పొయ్యి చేసి, దాని మీద ఒక పెంకుముక్క పెట్టింది.

"అవ్వా, అన్నం ఉడుకుతాంది. తినిపోతావా?"

వీరమ్మ వాకిలి అవతలి నుంచే దోసిలి చాచింది. "తింటా తల్లీ. నీకెన్నేండ్లు?"

"పదమూడు. మాఘానికి పద్నాలుగు."

"తలనొప్పి ఉందా?"

"పొద్దున లేస్తే చాలా నొప్పి. కండ్ల ముందర మిణుగురు పురుగులు తిరుగుతయి. అత్తకు చెబితే పని ఎగ్గొట్టేదానికి అంటాంది."

వీరమ్మ గట్టిగా కేకవేసి నాగమల్లేశ్వరమ్మను పిలిచింది.

"శెట్టెమ్మా, ఈ బిడ్డను ఈ పొద్దే బండెక్కించు. నా కూతురు చెంచమ్మకు ఇట్లనే కాళ్ళు పొంగి, కండ్లు బైర్లు కమ్మి, మూర్ఛలొచ్చి పోయింది. దానికీ ఈ వయసే. మొక్కకు చోటు చాలలేదంటే తొట్టి పగలగొట్టుకున్నావు. ఈ బిడ్డ ఒళ్ళే ఇంకా ఎదగలా, అందులో ఇంకో బిడ్డకు చోటెక్కడిదమ్మా?"

"నోరు మూయవే! నేను కనలా పదమూడో ఏట?"

"కన్నావు తల్లీ. ఆ బిడ్డ ఏదీ?"

నాగమల్లేశ్వరమ్మ మొదటి ఇద్దరు బిడ్డలూ పురిటిలోనే పోయారు. ఆ మాట ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆమె ముఖం ఎర్రబడింది. దొడ్డి తలుపు ధడాలున వేసి గడియపెట్టింది.

శనివారం తండ్రి రానే వచ్చాడు. అయ్యగారు మళ్ళీ లెక్క చూసి, ఎనిమిదో నెల నిన్న సాయంత్రమే ప్రవేశించిందని చెప్పారు.

"ఒక్క పూటకేమయితది వదినమ్మా?" అని ఆయన చేతులు జోడించాడు.

"నా మనవడికి కీడు జరిగితే ఎవరన్నయ్యా జవాబుదారీ? తొమ్మిదో నెల రాగానే నేనే తెచ్చి దింపుతా, పో."

ఆయన అల్లుడి వైపు చూశాడు. అల్లుడు తల్లి వైపు చూశాడు. అన్నపూర్ణ తండ్రి కండువా చెంగు పట్టుకుని "నాయనా, నేనూ వస్తా" అని ఏడ్చింది. ఆయన ఆ పిడికిలి విప్పి, తల నిమిరి, ఖాళీ బండితో తిరిగిపోయాడు. పిడికిలి విప్పిన ఆ చేతిని ఆయన బతికినన్నాళ్ళూ తిట్టుకున్నాడు.

తొట్టి మార్చిన పన్నెండో రోజు పొద్దున వెదురుకు కొత్త పిలక వచ్చింది. నాగమల్లేశ్వరమ్మ సంబరం పట్టలేక "అన్నపూర్ణా, ఇట్లరావే, చూడు!" అని పిలిచింది. పలుకు లేదు. వెళ్ళి చూస్తే ఆ పిల్ల తిరగలి దగ్గర పడి కొట్టుకుంటోంది. కళ్ళు తేలవేసింది, నోట నురగ.

అప్పుడు ఎవరూ నెలలు లెక్కపెట్టలేదు. గడప దాటరాని ఎనిమిదో నెలలోనే ఆమెను బండిలో వేసుకుని స్టేషనుకు తోలారు. అత్త ఒడిలోనే తల. దారిలో ఒకసారి తెలివి వచ్చింది. "నాయన వచ్చినాడా?" అని అడిగింది. "వస్తాండాడమ్మా, వస్తాండాడు" అంది అత్త. స్టేషను రెండు మైళ్ళు ఉందనగా, ఎర్రని ఎండలో, ఆ చిన్న ప్రాణం పోయింది. కడుపులోని ప్రాణమూ దానితోనే పోయింది. చెన్నకేశవరావు బండి దిగి, రోడ్డు మీద కూలబడి, ఎలుగెత్తి ఏడ్చాడు. ఎన్నడూ లేవని నోరు అప్పుడు లేచింది. ఏం లాభం?

కర్మలు ముగిసిన మర్నాడే నాగమల్లేశ్వరమ్మ తమ్ముడు మాల్యాద్రి ఒక సంబంధం తెచ్చాడు.

"అక్కా, పొదిలిలో ఒక పిల్ల ఉండాది. పన్నెండు నిండినయి. పద్నాలుగని చెబుదాం, అడిగేదెవడు? మనోడు చిన్నోడు గదా, ఎన్నాళ్ళిట్ల ఉంటాడు?"

ఆమె తమ్ముడిని ఎదురుగా కూర్చోబెట్టింది. తరువాత అంది:

"మాల్యాద్రీ, ఆ రోజు కోడలి శవానికి నీళ్ళు పోసేటప్పుడు మన ఆడవాళ్ళు ఏమన్నారో తెలుసునా? పుణ్యాత్మురాలు, పసుపు కుంకాలతో పోయింది అన్నారు. నేనూ తల ఊపినాను. పదమూడేండ్ల పిల్ల చచ్చిపోతే అదృష్టమంట! అట్ల అనుకునే లోకంలో నేనూ ఒకదాన్నిరా. నా బిడ్డలు పోయిన్నాడు మా అత్త 'నీ రాత' అనింది. నేను నమ్మినాను. నమ్మినందుకే ఇప్పుడు ఇంకొకరి బిడ్డను మింగినాను. రాత కాదు. వాళ్ళ నాయనా, నేనూ మంచిరోజులు చూసి చూసి చంపినాము."

"ఊరుకో అక్కా, జరిగిపోయింది..."

"జరిగిపోలా. పొదిలిలో ఇంకా బతికే ఉండాది గదా ఆ పిల్ల! నువ్వు ఈ పొద్దే పోయి వాళ్ళమ్మతో చెప్పిరా. మా అక్క కోడల్ని చంపుకున్నదని చెప్పు, దాచొద్దు. పిల్లను చదివించుకోమను, కడుపునిండా పెట్టి పెంచుకోమను. పిల్లలే పిల్లల్ని కనే పెళ్ళికి ఏ పంచాంగంలోనూ మంచిరోజు లేదని చెప్పు."