ఆగిన తర్వాత ఒక అడుగు

...ఈ హోటలు చెక్కనేల పాతది, కుర్చీ జరిపితేనే మోగుతోంది, ఇలాంటి నేల మీద కాలు ఊరికే ఉండదు, ఉంచు వెర్నా, నువ్వు వచ్చింది ఆడటానికి కాదు, ఒక మాట చెప్పడానికి, ఆ మాట వినవలసిన మనిషి నీ పక్కనే కూర్చుని చికెన్ ముక్కను చిన్నగా కోసుకుంటోంది, ఓపల్, జుట్టు తెల్లబడింది గాని మెడ మాత్రం అదే, నిటారుగా, డాన్సు వరసలో ఎప్పుడూ నా ఎడమ పక్కన ఉండే మెడ, ఎత్తుల ప్రకారం నిలబెట్టేవారు కదా మమ్మల్ని, తనకూ నాకూ అర అంగుళం తేడా, ఆ అర అంగుళమే మమ్మల్ని స్నేహితుల్ని చేసింది, ఏమే, తినవేం, స్టూడియోలో మన బరువు తూచేవాళ్ళు ఇప్పుడు లేరులే అంటోంది ఓపల్, ఎదురుగా డాట్, ఉంటేనా, మనందర్నీ గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు అంటోంది, అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను, ఆ పాటల సినిమాల్లో ఒకే వరసలో ఆడిన పదహారు మందిలో తొమ్మిది మందిమి మిగిలాం, ఈసారి చెప్పకపోతే మళ్ళీ కలిసేనాటికి ఎవరుంటారో.

అప్పటి ఆ రికార్డింగు గదిదీ చెక్కనేలే, షూటింగులో మా అడుగుల చప్పుడు ఎవరికి కావాలి, పాట మోగుతుంటే కాళ్ళు ఆడించడమే, చప్పుడంతా తర్వాత వేరే గదిలో, చీకట్లో, తెర మీద మమ్మల్ని మేమే చూసుకుంటూ, బూట్ల అడుగున బిగించిన రేకులతో ఆ అడుగులే మళ్ళీ వేసి రికార్డు చేయించాలి, పదహారు మంది ఒక్క మనిషిలా మోగి ఒక్క మనిషిలా ఆగాలి, ఆగాం, ఆగిన తర్వాత టక్ మని ఒకటి, నాది, నా కుడి మడమ, నేల తాకకముందే నాకు తెలుసు, దీపాలు వెలిగాయి, నృత్య దర్శకుడు కెల్సో ఎవరది అన్నాడు, ఎవరూ పలకలేదు, ఓపల్ తన కాళ్ళ వంక చూసుకుంది, అంతే, చూసుకున్నందుకే, నువ్వా, రేపట్నుంచి రానక్కర్లేదమ్మాయ్ అన్నాడు, నేను బూటు తాడు విప్పుకోవడానికి వంగాను, చాలాసేపు వంగే ఉన్నాను, ఆమె ఫ్రెస్నో వెళ్ళి బట్టల కొట్లో చేరింది, నేను ఇంకో పధ్నాలుగు సినిమాల్లో మోగాను.

డాట్ చెంచాతో గ్లాసు మీద కొడుతోంది, లేవక్కర్లేదే ముసలమ్మల్లారా, కూర్చునే వేద్దాం, ఆ పాటలో చివరి ఎనిమిది అడుగులు, అంటోంది, ఆ రోజు పాటే, బల్లల కింద పద్దెనిమిది పాదాలు సర్దుకుంటున్నాయి, నోరు పెగలడం లేదు, నోరు పెగలకపోతే కాలే చెబుతుంది, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, కాఫీ కప్పులు గలగలమన్నాయి, ఆగాం, నేను ఊపిరి బిగబట్టి, కావాలనే, అదే మడమతో, టక్.

అందరూ పకపకా నవ్వారు, ఓపల్ నవ్వలేదు, తన కాళ్ళ వంక చూసుకుంది, మళ్ళీ నేనేనే, చూశావా, ముప్ఫై ఒక్క ఏళ్ళయినా బుద్ధి రాలేదు వీటికి, నా పెళ్ళిలో మా ఆయన ఎంత బతిమాలినా ఆడటానికి లేవలేదు తెలుసా, ఈ కాళ్ళు ఎక్కడ ఆగవో అని, అంటోంది, లేదు ఓపల్, అది నాది, ఇప్పుడూ నాదే, అప్పుడూ నాదే, నేను తల వంచుకుని నోరు మూసుకున్నాను, అన్నాను, నిజంగానే పైకి అన్నాను, ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి, నా చేయి నిమిరింది, నువ్వు మారలేదే వెర్నా, ఆ రోజూ నన్ను చూడలేకే కదా అలా వంగిపోయావు, ఇప్పుడు తప్పు కూడా నీ నెత్తిన వేసుకుంటున్నావా పిచ్చిదానా, అంది, ఒట్టు అన్నాను, ఊరుకోవే అంది, రెండు పాదాలనూ చప్పుడు కాకుండా కుర్చీ కిందికి లాక్కుంది, ఇన్నేళ్ళూ ఆమె ఉద్యోగం తీశాననుకున్నాను, నేను తీసింది ఆమె కాళ్ళను.