పదవవాడు

వైశాఖమాసపు మధ్యాహ్నమార్తాండుడు ఉద్దానసీమపై నిప్పులు చెరుగుచుండగా జీడితోటలలో పండి రాలిన పండ్ల మత్తుగంధము సముద్రపుగాలితో గలసి ఊరూర వ్యాపించుచుండెను. అయినను దాని నాఘ్రాణించుటకు ముక్కు బయటనున్నవాడొక్కడును లేడు. ఆ యేట లోకమునెల్ల గడగడలాడించిన మహామారి జనుల ముఖములకు గుడ్డలు గట్టించి వీధులను నిర్మానుష్యములు గావించి చావుకబురులను మాత్రము గడపగడపకు మోసికొని తిరుగుచుండెను.

అట్టి కాలమున మెట్టపేట యను పల్లెలో తవిటినాయుడను నరువదియేండ్ల వీరవరేణ్యుడు గలడు. విశాలవక్షుడు. గండుమీసములవాడు. ఒకనాడు తోటలో నెదురుపడిన ఎలుగుబంటిని చెవిపట్టి మూడూళ్ల పొలిమేరలు దాటించి తుదకు దానికి దాహమయ్యెనని జాలిపడి కొబ్బరిబొండము కొట్టియిచ్చి పంపితినని యాతడే చెప్పుచుండును. ఎలుగు కాదనలేదు గనుక మనమును నమ్మవలసినదే. ఇంతటి పరాక్రమశాలి గుండెను జల్లుమనిపించు వస్తువు లోకమున నొక్కటి గలదు. అది సూది. ఆ రహస్య మాతనికి దక్క నన్యులకు దెలియదు.

పాఠశాల వసారాలో నర్సు సుగుణమ్మ టీకాలు వేయుచుండెను. ఒక్కొక్క సీసాలో పదిమందికి సరిపడు మందుండును. మూత దీసిన నాలుగు గంటలలో వాడనిచో నది పారవేయవలసినదే. అందుచేత పదిమంది కూడినగాని యామె సీసా తెరువదు. ఆనాడు మిగిలినది యొక్కటే సీసా. తొమ్మండుగురు కూడి పదవవాని కొరకు వీధివైపు చూచుచుండగా మన వీరుడా దారిన బోవుచు వారి కంటబడెను. తొమ్మండుగురిలో నాతని బావమరిది పోలయ్య యుండెను.

“ఎలుగ్గొడ్డు సెవి పట్టినోడివి, సూదికి జడిసి పక్కదోవంట ఎల్లిపోతన్నావేటి బావా?”

ఆ మాటతో తవిటినాయుడు మీసము దువ్వి వచ్చి పదవ పీటపై నాసీనుడయ్యెను. పేరు వ్రాయబడెను. సీసా మూత దీయబడెను. అంతలో రెండుకోసుల దూరముననున్న జీడిపిక్కల బట్టీలో పని విడిచి యెండలో నడచివచ్చిన దాలమ్మ యను విధవరాలు వసారామెట్లెక్కెను. పదిమంది నిండిరనియు వచ్చు వారము రావలయుననియు నర్సు చెప్పెను. ఈమెను నా చోట గూర్చుండబెట్టుడను మాట తవిటినాయుని కంఠముదాక వచ్చినది. కాని పోలయ్య నవ్వుకన్నులు జూచి యాతడు దానిని దిగమ్రింగెను. దాలమ్మ యాతనినన్నా యని పిలిచి నొప్పిగానుండునా యని యడిగెను. చీమ కుట్టినట్లుండునని యాతడు బదులు చెప్పెను. ఆమె వచ్చిన దారినే మరలిపోయెను.

తక్కిన తొమ్మండుగురు సూది వేయించుకొని యిండ్లకు బోయిన పిదప తన వంతు రాగానే యాతడు లఘుశంక నెపమున బడివెనుకకు బోయి యెలుగు తరిమినను దాటజాలని గోడను దాటి తోటలబడి పరుగిడెను. సుగుణమ్మ యాతని యింటికి కబురంపి నాలుగు గంటలు నిండువరకు నిరీక్షించెను. దాలమ్మకు ఫోను లేదు. పొద్దువాలగా పదవపాలు మందు పారవేయబడెను. వీరుడో జబ్బకు దూది యంటించుకొని తన కండను దాకి రెండు సూదులు వంగిపోయినవనియు మూడవదానికి తానే యనుమతి నొసగితిననియు రచ్చలో వర్ణించెను. నాయునికేమియు గాలేదు గనుక మనకేమియు గాదని తలచి మరువారము వసారా పట్టనంత జనము వచ్చిరి.

దాలమ్మ మాత్రము రాలేదు. అప్పటికే జ్వరము దాకి యూపిరందక యామెను శ్రీకాకుళపు టాసుపత్రికి గొనిపోయిరి. ఇరువదిరెండు దినము లామె గాలిగొట్టము ముక్కున బెట్టుకొని చావుబ్రతుకుల నడుమ నుండెను. ఆ యిరువదిరెండు దినములును తవిటినాయునికి కూడు సహింపలేదు. టీకా పవరు వలన నిట్లయ్యెనని భార్య మిరియాల కషాయమిచ్చెను. ఆ మందుచుక్క దాలమ్మ దేహమున బడియున్న నీ యాపద తప్పియుండునా యనిన వైద్యులు చెప్పలేరు. తవిటినాయుడు మాత్రము తప్పియుండునని రేయింబవళ్లు తనకు తానే చెప్పుకొనుచుండెను.

ఆమె తిరిగివచ్చినదని విని యాతడు పోయి గుమ్మమునకు బారెడు దూరమున నిలిచెను.

“దాలమ్మా, ఆరోజు నాను సూది ఏయించుకోనేదు. నీ సోటు తినీసినాను.”

ఆమె మాటమాటకు నాగి యూపిరి దీసికొనుచు బలికెను. “తెలుసన్నా. నర్సమ్మ జొరం సూడ్డానికొచ్చినప్పుడే సెప్పినాది.”

“మరి ఎవులికీ సెప్పనేదేటి?”

“నిన్ను సూసి ఊరంతా ఎల్తంది. నువ్వు పారిపోనావని తెలిస్తే ఒక్కరైనా ఎల్తారా?”

ఆమె తిట్టియుండిన నాతడు భరించియుండును. ఆమె పీట వేసి కూర్చుండుమనెను.

ఊరివారెల్లరు రెండవసూదికి గూడిన దినమున మొదటిసూది వేయించుకొనవలసినవారిద్దరే మిగిలిరి. దాలమ్మ వేయించుకొని ప్రక్కకు జరిగెను. తవిటినాయుడు వసారా నడుమ నిలిచి తాను పారిపోయినవాడననియు నొక ప్రాణిపాలు మందు మట్టిపాలు చేసితిననియు వంగిన సూదులన్నియు గల్లలనియు నలంకారమొక్కటియు లేక చెప్పెను. జన్మమున నాతడు చెప్పిన యేకైక సత్యకథ యదియే. జనులు పకపక నవ్విరి.

“ఈ కత బాగునేదు బావా, ఇంకోటి సెప్పు” అని పోలయ్య యనెను.

తవిటినాయుడు కూర్చుండి చొక్కాచేయి పైకి మడచెను. సుగుణమ్మ సూది యెత్తగా నాతని చూపు దాని మొనకే యతుకుకొనెను. దాలమ్మ లేచి వచ్చి జీడినూనె కాల్చి నల్లబరచిన తన యరచేతితో నాతని కనులు మూసెను. నవ్వులాగిపోయినవి. సుగుణమ్మ సూది వేసి దూది యద్ది యైనది లెమ్మని చెప్పెను. అయినను తవిటినాయుడు లేవడయ్యెను. ఆ చేయి తొలగినంతనే యామె మొగము చూడవలసివచ్చునని యెరిగి యాతడు దానిక్రింద కనులు మూసికొనియే కూర్చుండెను.